చేతులు కాలకముందు

వాల్పరాయిసో కొండమీదికి నూట తొంభై రెండు మెట్లు.
లెక్క నాది కాదు, నా మోకాళ్లది.

వారమంతా రొట్టెల బట్టీలో
కూలి తీసుకుని నిప్పు రాజేస్తాను.
శనివారం ఫైర్ స్టేషన్ చొక్కా తొడుక్కుని
కూలి లేకుండా దానికి ఎదురెళతాను.
ఇక్కడ మంటలార్పేవాళ్లకి జీతాల్లేవు,
పైగా నెలనెలా చందా కడతాం.
నవ్వేవాళ్లు నవ్వుతారు.

ఈరోజు సైరన్ లేదు. గొట్టాల్లేవు.
నా భుజాన గోనెసంచులు, చేతిలో దంతె.
వెనకాల ఫ్రెసియా,
పందొమ్మిదేళ్ల పిల్ల,
పొగ అలారాల పెట్టెని
గుడ్ల బుట్టలా పట్టుకుని ఎక్కుతోంది.

తలుపు తట్టితే అందరిదీ ఒకటే ప్రశ్న:
"ఎక్కడ అంటుకుంది?"
ఎక్కడా లేదండీ, అందుకే వచ్చాం.
మొహాలు ముడుచుకుంటాయి,
పెళ్లిపిలుపనుకుని చింపితే
కరెంటు బిల్లు బయటపడినట్టు.

నికానోర్ ఇంట్లో గ్యాస్ ట్యూబుకి
సబ్బునురుగు రాశాను.
ఒక బుడగ ఉబ్బింది.
పక్కనే ఇంకోటి.
మనవడు చప్పట్లు కొట్టాడు.
నికానోర్ కుర్చీ వెతుక్కుని కూలబడ్డాడు.
"రాత్రి ఇక్కడే నిలబడి సిగరెట్టు..."
ఆ వాక్యం ఆయన పూర్తిచెయ్యలేదు.
మేమూ చెయ్యలేదు.

పై వరసలో దోన్యా ఎదెల్మిరా.
పోయినేడు మేం బిగించిన అలారం
నోరెళ్లబెట్టి వేలాడుతోంది, లోపల బ్యాటరీ లేదు.
"మీ పీపీపీ మా చిలకకి వచ్చేసింది నాయనా.
చిలక కూస్తే నిప్పనుకుని వీధిలోకి పరిగెత్తాను,
అలారం మోగితే చిలకని తిట్టాను.
ఏదో ఒకదాని నోరు మూయాలి కదా,
చిలకకి బ్యాటరీ లేదాయె."

నా దగ్గర జవాబు లేదు.
ట్రైనింగులో చిలకల పాఠం చెప్పలేదు.
ఫ్రెసియా స్టూలెక్కి కొత్త బ్యాటరీ వేసింది.
"ఏది మోగినా సరే అవ్వా, తలుపు తీసి బయటికి రా.
చిలక అబద్ధమాడితే
ఏం పోయింది, కాస్త గాలి పీల్చుకున్నట్టు."
పంజరంలోంచి అది
మమ్మల్ని పైనుంచి కిందికి చూసింది.

నలభయ్యెనిమిదో నంబరు ఇంటికి
మెట్లు మాత్రమే మిగిలాయి.
ఎక్కితే ఆకాశం వస్తుంది.
మూడేళ్ల కిందటి ఫిబ్రవరి రాత్రి
సందుకి అడ్డంగా ఎవరిదో కారు.
లారీ ఇంజను ఆపకుండా
తాళాల కోసం ఇల్లిల్లూ కేకేశాం.
ఆరు నిమిషాలు.
కారు గీత కూడా పడకుండా ఉంది.
ఇప్పుడక్కడ పసుపు గీత ఉంది,
ఏడాదికి రెండుసార్లు నేనే రంగు వేస్తాను,
ఎవరూ అడగరు.

మధ్యాహ్నం లోయలోకి దిగాం.
యూకలిప్టస్ ఆకులు మోకాలిలోతు,
ఒక్కో ఆకులో ఒక్కో చుక్క నూనె,
ఎండ కాగితే కొండంతా జలుబు మందు వాసన.
చేతులు కాలాక ఆకులు పట్టుకుంటారంటారే,
ఇవి కాలకముందు పట్టుకోవాల్సిన ఆకులు.
నికానోర్ వచ్చాడు, మనవడితో.
తర్వాత ఇద్దరు, తర్వాత ఒక కుక్క.
ముప్పై ఒక్క సంచులు.
ముప్పై రెండోది చిరిగింది,
గాలి వెంటనే వచ్చి తన వాటా తీసుకుపోయింది.

రాత్రి స్టేషన్ పుస్తకంలో రాశాను:
సంఘటనలు: లేవు.
ఆ రెండు మాటలకి రోజంతా పట్టిందని
రాసే గడి అందులో లేదు.

తెల్లారుజామున మూడింటికి
బట్టీ వెలిగించడానికి బయల్దేరాను.
కొండమీంచి పీపీపీ.
అగ్గిపెట్టె జేబులోకి తోసి నిలబడిపోయాను.
మళ్లీ పీపీపీ.
తలుపు తీసిన చప్పుడు.
ఒక అవ్వ గొంతు, పక్షి జాతి మొత్తాన్నీ
ఏడు తరాలు వెనక్కి తిడుతూ.
తలుపు వేసిన చప్పుడు.

ఆ పూట రొట్టెలు
కాస్త ఎక్కువే పొంగాయి.